గ్రానైటా, మార్బులా: ఏ రాయి ఎక్కడ నిలుస్తుంది

షికాగోలో 83 అంతస్తుల భవనం ఒకటుంది. ఇప్పుడు దాన్ని ఏఆన్ సెంటర్ అంటున్నారు. 1970ల మొదట్లో కట్టినప్పుడు దానికి ఒంటినిండా ఇటలీ నుంచి తెచ్చిన తెల్లటి కరారా మార్బుల్ తొడిగారు. దాదాపు 43 వేల పలకలు. కొన్నేళ్లకే ఆ పలకలు ఎండలో పడేసిన అట్టముక్కల్లా వంకర తిరగడం మొదలెట్టాయి. కింద నడిచేవాళ్ల నెత్తిన పడతాయేమోనని ముందు ఉక్కు పట్టీలు బిగించారు. ఆ తర్వాత 1990–92 మధ్య మార్బుల్ మొత్తం ఊడదీసి, దాని స్థానంలో నార్త్ కరోలినా రాష్ట్రపు మౌంట్ ఎయిరీ తెల్ల గ్రానైట్ పెట్టారు. ఖర్చు 8 కోట్ల డాలర్ల దాకా అయిందంటారు.

ఇదే కరారా గనుల రాతిలోంచి మైకెలాంజిలో చెక్కిన డేవిడ్ విగ్రహం మాత్రం 1504 నుంచి 1873 దాకా ఫ్లోరెన్స్ నగర కూడలిలో ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ నిలబడింది. ఒకే ఊరి రాయి ఒకచోట మూడున్నర శతాబ్దాలు దాటించింది, ఇంకోచోట ఇరవై ఏళ్లు కూడా ఆగలేకపోయింది. అక్కడ దిమ్మ, ఇక్కడ మూడు నాలుగు సెంటీమీటర్ల పలక. అంతే తేడా.

అందుకే గ్రానైట్ మంచిదా, మార్బుల్ మంచిదా అని ఎవరైనా అడిగితే నేను జవాబు చెప్పను. ఎక్కడ పెడతారు, దాని మీద ఏం పడుతుంది, అరిగితే మీరు ఓర్చుకుంటారా అని తిరిగి అడుగుతాను. ఈ మూడింటికీ జవాబులుంటే రాయి తనంతట తానే తేలిపోతుంది.

## పుట్టుకలోనే ఉంది గుట్టు

గ్రానైట్ అగ్నిశిల. భూమి లోపల కిలోమీటర్ల లోతున శిలాద్రవం బయటికి పొంగకుండా అక్కడే చిక్కుకుని, ఏళ్లూ పూళ్లూ పట్టి నెమ్మదిగా చల్లారితే గ్రానైట్ అవుతుంది. తొందర లేదు కాబట్టి ఖనిజాలు కంటికి కనిపించేంత గింజలుగా ఎదుగుతాయి. అందులో గాజుముక్కలా మెరిసేది క్వార్ట్జ్. తెల్లగానో, గులాబీ రంగులోనో, బూడిద రంగులోనో ఉండేది ఫెల్డ్‌స్పార్. నల్లగా తళుక్కుమనేది అభ్రకం. ఇవన్నీ ఒకదాని సందులో ఒకటి దూరి బిగిసిపోయి ఉంటాయి. భూగర్భ శాస్త్రం లెక్కలో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్‌లను కలిపి చూసినప్పుడు క్వార్ట్జ్ వాటా 20 నుంచి 60 శాతం మధ్య ఉంటేనే అది గ్రానైట్.

మార్బుల్ రూపాంతర శిల. సముద్రం అడుగున గవ్వలు, పగడాలు, సున్నపు బురద పేరుకుని ముందు సున్నపురాయి అవుతుంది. ఆ సున్నపురాయి భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ లోనై, కరగకుండానే, ఉన్నచోటే కొత్త స్ఫటికాలు కట్టుకుంటే మార్బుల్. మనం చలువరాయి, పాలరాయి అనేది దీన్నే. గ్రానైట్‌లా ఇది నలుగురు కలిసిన రాయి కాదు. దాదాపు అంతా ఒకే ఖనిజం: కాల్సైట్, లేదంటే దాని దగ్గరి చుట్టం డోలమైట్. మొదటి సున్నపురాయిలో ఉన్న మట్టి, ఇనుము, కర్బనం లాంటివే తర్వాత మనం ముచ్చటపడే చారలవుతాయి.

ఇక ఈ రెండు రాళ్ల తగవంతా క్వార్ట్జ్‌కీ కాల్సైట్‌కీ మధ్య తగవే. గీతలు, మరకలు, వేడి, యాసిడ్, పాలిష్ ఏది తీసుకున్నా చివరికి ఆ రెండు ఖనిజాల దగ్గరికే వచ్చి ఆగుతాం.

చలువరాయి అన్న పేరు చూసి మార్బుల్ ఒక్కటే చల్లగా ఉంటుందనుకునేవాళ్లు చాలామంది. నీడలో గ్రానైట్ కూడా కాలికి అంతే చల్లగా తగులుతుంది, రెండు రాళ్లూ ఒంటి వేడిని ఇంచుమించు ఒకేలా లాగేస్తాయి. చలువ కోసమే మార్బుల్ కొంటున్నవాళ్లు ఆ కారణాన్ని జాబితాలోంచి కొట్టేయవచ్చు.

## లెక్కలు ఒకచోట

| చూడాల్సింది | గ్రానైట్ | మార్బుల్ |
|---|---|---|
| ప్రధాన ఖనిజాలు | క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం | కాల్సైట్ లేదా డోలమైట్ |
| మోస్ స్కేలుపై గట్టిదనం | 6–7 | 3–4 |
| సాంద్రత (నీటితో పోలిస్తే) | 2.6–2.75 రెట్లు | 2.7–2.85 రెట్లు |
| నలుగుడుకు తట్టుకోవాల్సిన కనీస బలం (ప్రమాణాలు రాసే అమెరికా సంస్థ ఏఎస్‌టీఎం ప్రకారం) | 131 మెగాపాస్కల్స్ | 52 మెగాపాస్కల్స్ |
| నీటిని పీల్చగల గరిష్ఠ పరిమితి (అదే ప్రమాణం) | 0.40 శాతం | 0.20 శాతం |
| నిమ్మరసం, వెనిగర్ లాంటివి పడితే | ఏమీ కాదు | పాలిష్ పోతుంది |
| వేసిన చోటే మళ్లీ పాలిష్ | కష్టం, ఖరీదు | మామూలు పని |
| ఫ్లేమ్డ్ ఫినిష్ (మంటతో పైభాగాన్ని గరుకు చేయడం) | కుదురుతుంది | కుదరదు |

ఈ పట్టికలో అందరి కళ్లూ ముందు వాలేది బలం వరస మీద. నిజానికి ఇంటి నేలకు సంబంధించినంతవరకు ఆ వరసకు పెద్ద విలువ లేదు. 52 మెగాపాస్కల్స్ అంటే చదరపు సెంటీమీటరుకు 500 కిలోల పైచిలుకు. ఏ బీరువా, ఏ మంచం కోడు అంత బరువు మోపుతుంది? రాయి నలిగి పాడవదు, వంగలేక విరుగుతుంది. వంపును తట్టుకునే శక్తి రెండు రాళ్లలోనూ నలుగుడు బలంలో చిన్న భాగమే. వంటగట్టు మీద సింకు కోసం కోసిన మూల దగ్గర, ఆధారం లేకుండా బయటికి చాచిన అంచు దగ్గర, కింద సిమెంటు సరిగ్గా పరచక బోలు మిగిలిన చోట పగుళ్లు పడేది ఇందుకే. గ్రానైట్ వేశాం కదా అని కింద బోలు వదిలేస్తే అది కూడా టప్పున పగులుతుంది.

బరువులోనూ పెద్ద తేడా లేదు. 20 మిల్లీమీటర్ల మందం పలక ఏదైనా చదరపు మీటరుకు 54 కిలోల చుట్టుపక్కల తూగుతుంది.

## గీతలు: ఇసుకే అసలు శత్రువు

మోస్ స్కేలులో 10 వజ్రానిది, 1 టాల్క్‌ది. మామూలు ఉక్కు కత్తి 5.5 దగ్గర ఉంటుంది. మార్బుల్ దానికంటే మెత్తన, గ్రానైట్ గట్టి. మార్బుల్ గట్టు మీద కత్తితో కోస్తే గట్టు పాడవుతుంది, గ్రానైట్ మీద కోస్తే కత్తి మొండిబారుతుంది.

అయితే ఇంట్లో రాయిని అరగదీసేది కత్తి కాదు, చెప్పులకు అంటుకొచ్చే ఇసుక. ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జే, గట్టిదనం 7. మార్బుల్ నేల మీద ఆ ఇసుకతో నడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. గుమ్మం దగ్గరి నుంచి లోపలికి మనుషులు ఎక్కువగా తిరిగే దారి మొత్తం కొన్నేళ్లకు మసకబారి బాటలా కనిపిస్తుంది. సోఫా కింద మాత్రం మొదటి రోజు మెరుపే ఉంటుంది. గ్రానైట్ మీద అదే ఇసుక క్వార్ట్జ్ గింజలతో సరిసమానంగా తలపడాల్సి వస్తుంది కాబట్టి ఆ అరుగుదల అంత త్వరగా కంటికి కనబడదు.

## మరక వేరు, పాలిష్ పోవడం వేరు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. రాయి కొన్నాక వచ్చే గొడవల్లో చాలావాటికి మూలం ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం.

మరక అంటే రంగున్న ద్రవం రాతి సందుల్లోకి ఇంకడం. నూనె, కాఫీ, సిరా, తుప్పు ఇలాంటివి. మరక పడిన చోటు చుట్టుపక్కల కంటే ముదురుగా కనిపిస్తుంది. పాలిష్ పోవడం అంటే పులుపున్న ద్రవం రాతి పైపొరను కొరికేయడం. అక్కడ ముదురుగా ఉండదు, పాలిపోయి, వేలు రాస్తే కాస్త గరుగ్గా తగులుతుంది. నిమ్మచెక్క పెట్టిన చోట గుండ్రంగా, గ్లాసు అడుగు తడి ఆనిన చోట వలయంలా కనిపించే తెల్లటి గుర్తులు ఇవే. వాటిని ఎంత కడిగినా పోవు, ఎందుకంటే అక్కడ తుడవడానికి ఏమీ లేదు. ఉన్నదే పోయింది.

కాల్సైట్ అంటే కాల్షియం కార్బొనేట్. యాసిడ్ తగలగానే కరిగి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. గాఢత ఎక్కువైతే నురగ కూడా కనిపిస్తుంది. డోలమైట్ రకం మార్బుల్ కొంత నెమ్మదిగా లొంగుతుంది, అంతే. గ్రానైట్‌లోని క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్‌లను వంటింటి పులుపులు ఏమీ చేయలేవు. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ మాత్రం గ్రానైట్‌ను కూడా తినేస్తుంది. తుప్పు మరకలు పోగొట్టే కొన్ని ద్రావణాల్లో అది ఉంటుంది కాబట్టి సీసా మీద రాసింది చదవాలి.

సరే, మరకల్లోనైనా గ్రానైటే మేలా? పట్టికలో నీరు పీల్చే వరస మళ్లీ చూడండి. ప్రమాణం ప్రకారం గ్రానైట్‌కు ఇచ్చిన పరిమితి మార్బుల్‌కు రెట్టింపు. అన్ని గ్రానైట్లూ ఎక్కువ పీలుస్తాయని కాదు గానీ, లేతరంగు, పెద్దగింజల గ్రానైట్లు కొన్ని నూనెను బాగానే తాగుతాయి. తెల్ల గ్రానైట్ గట్టు మీద పొయ్యి పక్కన నీడలా పరుచుకున్న నూనె మచ్చ చూసి, ఇది గ్రానైటే కాదేమో అని అనుమానపడే వాళ్లను చూశాను. గ్రానైటే. సీలర్ పూయలేదు, అంతే.

సీలర్ గురించి కూడా ఒక మాట. సీలర్ సందులు మూసి మరకను ఆలస్యం చేస్తుంది. పులుపు నుంచి మార్బుల్‌ను కాపాడలేదు. రాతిలోకి ఇంకే రకం సీలర్ పైన పొరలా నిలవదు, కాల్సైట్ యాసిడ్‌కు ఎదురుగానే ఉంటుంది. సీలర్ కొట్టించుకుంటే నిమ్మరసం పడినా ఏమీ కాదని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఈ రసాయనమే ఊళ్ల స్థాయిలోనూ నడుస్తుంది. గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్ తేమతో కలిసి మార్బుల్‌ను జిప్సమ్‌గా మారుస్తుంది. జిప్సమ్ ఇంకా మెత్తన, నీటికి కరుగుతుంది, మసిని పట్టుకుంటుంది. తాజ్‌మహల్ చుట్టూ ఉన్న ప్రాంతంలో బొగ్గు, కోక్ వాడే పరిశ్రమలపై సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఇచ్చిన ఆదేశాల వెనుక ఉన్నది ఈ భయమే. అమెరికాలో గ్రానైట్ కొండను చెక్కి మలచిన మౌంట్ రష్‌మోర్ అధ్యక్షుల ముఖాల విషయంలో అక్కడి పార్కు అధికారులు వేసే అంచనా వేరే లోకంలా ఉంటుంది: పది వేల ఏళ్లకు ఒక అంగుళం అరుగుదల.

## వేడి దగ్గర ఇద్దరికీ బలహీనతే

గ్రానైట్ నిప్పును జయిస్తుందన్న నమ్మకం సగమే నిజం. వేడి గిన్నె దించితే దానికేమీ కాదు. కానీ క్వార్ట్జ్‌కు ఒక హద్దు ఉంది: 573 డిగ్రీల సెల్సియస్. అక్కడ దాని స్ఫటిక నిర్మాణం మారి, ఉన్నట్టుండి ఉబ్బుతుంది. పక్కనున్న ఫెల్డ్‌స్పార్ అంత ఉబ్బదు. అందుకే పెద్ద అగ్నిప్రమాదాల్లో గ్రానైట్ పెచ్చులూడి పడుతుంది.

ఈ బలహీనతనే పనివాళ్లు ఉపాయంగా మార్చుకున్నారు. పలక మీద మంట ఆడిస్తే పైపొర గింజలు చిట్లి ఎగిరిపోయి, జారని గరుకుతనం వస్తుంది. ఫ్లేమ్డ్ ఫినిష్ అంటే అదే. క్వార్ట్జ్ లేని మార్బుల్‌తో ఈ పని కుదరదు.

కాల్సైట్ తీరు ఇంకా విచిత్రం. వేడెక్కితే దాని స్ఫటికం ఒక దిశలో సాగుతుంది, దానికి అడ్డంగా ఉన్న దిశలో కొంచెం కుంచించుకుపోతుంది. చల్లారితే వెనక్కి వస్తుంది. రోజూ పగలూ రాత్రీ ఇలా పక్కపక్క గింజలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, లాక్కుంటూ ఉంటే పట్టు సడలుతుంది. తేమ తోడైతే మరీను. పలక పలచగా ఉంటే ఆ సడలింపు వంకరగా బయటపడుతుంది. షికాగోలో జరిగింది ఇదే. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో ఆల్వార్ ఆల్టో రూపొందించిన ఫిన్లాండియా హాల్ కథా ఇదే. 1971లో తెరిచిన ఆ భవనపు కరారా పలకలు వంగిపోతే 1990ల చివర్లో మార్చారు. విచిత్రమేమిటంటే మళ్లీ మార్బులే పెట్టారు, అవి మళ్లీ వంగాయి. ఆ తెలుపు లేకపోతే అది ఆల్టో భవనమే కాదన్నది వాళ్ల వాదన. షికాగో లెక్క చూసుకుని గ్రానైట్‌కు మారింది, హెల్సింకి మనసు చంపుకోలేక మార్బుల్‌తోనే ఉండిపోయింది. రాయి కొనే ప్రతి ఇంట్లోనూ ఈ ఇద్దరూ ఉంటారు, చాలాసార్లు భార్యాభర్తలుగా.

అసలైన మంటల్లో, 800 డిగ్రీలు దాటాక, మార్బుల్ సున్నమైపోతుంది. ప్రాచీన రోమ్ విగ్రహాలూ స్తంభాలూ ఎన్నో తర్వాతి శతాబ్దాల్లో సున్నపుబట్టీల పాలయ్యాయి.

## అరిగాక ఎవరు తేరుకుంటారు

దుకాణాల్లో ఈ సంగతి ఎవరూ ఎత్తరు. మార్బుల్ తొందరగా పాడవుతుంది, కానీ తొందరగా బాగవుతుంది. మెత్తన కాబట్టి నేల మీద వేశాక యంత్రంతో మొత్తం అరగదీసి, అక్కడికక్కడే పాలిష్ పెట్టొచ్చు. దీనివల్ల రెండు లాభాలు. పలకల మధ్య ఎత్తుపల్లాలు పోయి నేలంతా ఒకే రాయిలా కనిపిస్తుంది. పదేళ్ల తర్వాత మసకబారితే మళ్లీ అదే పని చేయించుకుని కొత్త నేల చేసుకోవచ్చు. దుమ్ము, బురద, నాలుగు రోజులు ఇల్లు ఖాళీ, అది వేరే సంగతి.

గ్రానైట్ ఫ్యాక్టరీలోనే పాలిష్ అయి వస్తుంది. ఆ మెరుపు ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. కానీ మేస్త్రీ ఒక పలకను రెండు మిల్లీమీటర్లు ఎత్తుగా పెడితే ఆ అంచు జీవితాంతం కాలికి తగులుతూనే ఉంటుంది. గ్రానైట్‌ను వేసిన చోట అరగదీయడం అసాధ్యం కాదు గానీ, ఫ్యాక్టరీ మెరుపు మళ్లీ తేవడం తలకు మించిన పని. అందుకని గ్రానైట్ వేయించేటప్పుడు రాయి కంటే మేస్త్రీని ఎంచుకోవడంలో ఎక్కువ సమయం పెట్టాలి. మార్బుల్ వేయించేటప్పుడు పాలిష్ చేసేవాణ్ణి.

## అందం

అందాన్ని కొలవలేం గానీ దానికీ కారణాలున్నాయి. కాల్సైట్ స్ఫటికాల్లోకి వెలుతురు కొంచెం లోతుగా దిగి, లోపల చెదిరి బయటికొస్తుంది. చర్మంలో జరిగేదీ ఇంచుమించు ఇదే. అందుకే మార్బుల్‌లో చెక్కిన బుగ్గ బుగ్గలా ఉంటుంది. మెత్తన కావడం, ఏ దిశలోనైనా ఉలికి ఒకేలా లొంగడం శిల్పికి మరో వరం. గ్రానైట్‌లో ప్రతి గింజా వేరే గట్టిదనం, సన్నటి కనురెప్ప చెక్కబోతే అభ్రకం రేకు ఊడొస్తుంది. ఈజిప్టు శిల్పులు గ్రానైట్‌లో ముఖాలను నున్నగా, ముక్కుసూటి గీతలతో మలచడంలో వాళ్ల అభిరుచి ఎంతో, రాతి మొండితనం కూడా అంతే ఉంది. ఆస్వాన్‌లో 42 మీటర్ల రాతిస్తంభం ఒకటి నేటికీ గనిలోనే పడుకుని ఉంది. డోలరైట్ అనే గట్టి రాతి గుండ్లతో కొట్టి కొట్టి విడదీస్తుండగా పగుళ్లు కనిపించాయి, వదిలేశారు. పూర్తయితే వెయ్యి టన్నులు దాటేది.

ఇంటి సంగతికొస్తే, గ్రానైట్ చుక్కల రాయి, మార్బుల్ చారల రాయి. గ్రానైట్ రంగు ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుంది కాబట్టి పలక విరిగితే జత దొరకడం కొంత తేలిక. మార్బుల్‌లో రెండు పలకలు ఒకేలా ఉండవు. కాబట్టి మార్బుల్ కొనేటప్పుడు ఫొటో చూసి కాదు, పలకలు చూసి, ఒకే దిమ్మ నుంచి కోసినవి వరసగా తీసుకోవాలి. నాలుగు పలకలు అదనంగా పక్కన పెట్టుకోవాలి.

## చోటును బట్టి

వంటగట్టు. గ్రానైట్. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. ముదురు రంగు, సన్నగింజలది అయితే సీలర్ బెంగ కూడా తగ్గుతుంది. వంటింట్లో మార్బుల్ కావాలని పట్టుబట్టేవాళ్లు పాలిష్ లేని హోన్డ్ ఫినిష్ తీసుకుంటే మంచిది. మెరుపు లేనిచోట మెరుపు పోయిన గుర్తులు అంతగా కనబడవు.

గ్రానైట్‌లో యురేనియం, థోరియం ఉంటాయి, వాటి నుంచి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు వస్తుంది అన్న భయం అప్పుడప్పుడు చక్కర్లు కొడుతుంటుంది. అవి లవలేశంగా ఉండే మాట నిజమే. కానీ ఒక గట్టు నుంచి వచ్చే రేడాన్ మామూలుగా చాలా తక్కువ. ఇంట్లోకి ఎక్కువ రేడాన్ పునాది కింది నేల నుంచే వస్తుంది. గాలి ఆడే వంటింట్లో ఈ ఒక్క కారణంతో గ్రానైట్ మానుకోనక్కర్లేదు.

హాలు, పడకగదులు. మార్బుల్ తన అందం మొత్తం చూపించే చోటు. చెప్పులు గుమ్మం బయటే విడిచే ఇల్లయితే అరుగుదల కూడా బాగా తగ్గుతుంది. గుమ్మం దగ్గర రెండు మీటర్ల మేర గ్రానైట్ వేసి, అక్కడి నుంచి మార్బుల్ మొదలుపెట్టడం నాకు బాగా నచ్చే పద్ధతి.

బాత్రూం. ఇక్కడ తీర్పు మనుషుల అలవాటు మీద ఆధారపడుతుంది. బాత్రూం కడగడానికి యాసిడ్ పోసే అలవాటు ఉన్న ఇంట్లో మార్బుల్ ఒక్క ఆదివారంలో నాశనమవుతుంది. పనికి వచ్చేవాళ్లకు చెప్పడం మరిచిపోతే చాలు. గోడలకు మార్బుల్, నేలకు గరుకు గ్రానైట్ అంటే కొంత నయం. తెల్ల మార్బుల్ కొన్నిట్లో ఇనుము ఉంటుంది, నిత్యం తడిలో ఉంటే అది తుప్పుపట్టి పసుపుచాయ తేలుతుంది. రాతి లోపలి నుంచి వచ్చే రంగు కాబట్టి పోగొట్టడం దాదాపు కుదరదు.

బయట మెట్లు, వరండా, కాలిబాట. ఫ్లేమ్డ్ గ్రానైట్. పాలిష్ చేసిన రాయి ఏదైనా తడిస్తే జారుతుంది. ఎండ నేరుగా పడేచోట నల్లరాయి వద్దు, మధ్యాహ్నం కాలు పెట్టలేరు. బయటి గోడలకు పలచటి మార్బుల్ పలకలు బిగించే ఆలోచన ఉంటే మొదటి పేరా మళ్లీ చదవండి.

విగ్రహం, చెక్కడపు పని. నీడలో అయితే మార్బుల్, ఆరుబయట అయితే గ్రానైట్. ఆరుబయట మార్బుల్ పలక మీద చెక్కిన సన్నటి అక్షరాలు రెండు మూడు తరాలకే మొద్దుబారతాయి.

## పేర్లను నమ్మొద్దు

రాళ్ల వ్యాపారంలో పాలిష్ పట్టే ప్రతి గట్టిరాయీ గ్రానైటే, ప్రతి మెత్తరాయీ మార్బులే. చీమకుర్తిలో తవ్వి దేశదేశాలకు పంపే బ్లాక్ గెలాక్సీ భూగర్భ శాస్త్రం ప్రకారం గ్రానైట్ కాదు, గాబ్రో కుటుంబానికి చెందిన రాయి. అందులో బంగారు రంగులో మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. మంచి రాయి, గట్టి రాయి, పేరు మాత్రం వేరు. నల్ల గ్రానైట్ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు ఇలాంటివే.

గ్రీన్ మార్బుల్‌గా అమ్మేది చాలాసార్లు సర్పెంటినైట్. దానికి వేరే జబ్బుంది: నీటితో కలిపిన సిమెంటు మీద అతికిస్తే కొన్ని పలకలు వంగిపోతాయి, ఎపాక్సీ జిగురుతో అతికించాలి. ఈ సంగతి తెలియని మేస్త్రీ చేతిలో పడితే పనంతా రెండోసారి.

వీటన్నిటికంటే ప్రమాదకరమైనది తెల్ల గ్రానైట్ పేరుతో వచ్చే డోలమైట్ మార్బుల్. చూడ్డానికి బూడిద చారలతో ఉంటుంది, ధర కూడా గ్రానైట్ లెక్కలోనే చెబుతారు, వంటగట్టుకు వేసుకున్నాక నిమ్మరసం దాని అసలు పేరు చెబుతుంది.

## కొనే ముందు ఒక రాత్రి

డబ్బు కట్టే ముందు మీరు ఎంచుకున్న పలకలోంచే అరచేయంత ముక్క అడిగి తీసుకోండి. వేరే పలక ముక్క ఇస్తానంటే వద్దు. అక్కడే ముక్క వెనుకవైపు, పాలిష్ లేని చోట, కత్తిమొనతో గట్టిగా గీయండి. తెల్లటి పొడి రాలి గాడి పడితే కాల్సైట్ జాతి. కత్తి లోహమే వెండిగీతలా రాతికి అంటుకుంటే క్వార్ట్జ్ జాతి. నల్లరాయి అయితే తెల్లటి గుడ్డకు అసిటోన్ (గోళ్లరంగు తుడిచే ద్రవం) అద్ది రుద్దండి, నలుపు గుడ్డకు దిగితే రంగు వేసిన రాయి.

ముక్క ఇంటికి తెచ్చాక పాలిష్ వైపు ఒక మూల నిమ్మరసం, ఒక మూల వంటనూనె, ఒక మూల కాఫీ చుక్క వేసి తెల్లారేదాకా వదిలేయండి. నాలుగో మూల నీటిచుక్క వేసి పావుగంట చూడండి. ఆలోగా అక్కడ రాయి ముదురు రంగుకు తిరిగితే సీలర్ తప్పనిసరి. పొద్దున తుడిచి, కిటికీ వెలుతురులో పలకను ఏటవాలుగా పట్టుకుని చూడండి. నిమ్మరసం మూల పాలిపోయి కనిపించి కూడా, పరవాలేదు, ఇదే కావాలి అనిపిస్తే మీరు మార్బుల్ మనిషి. ఆ చిన్న మచ్చ దగ్గరికే చూపు పదేపదే వెళుతుంటే వెళ్లి గ్రానైట్ తీసుకోండి.